రాజుల నగళ్లు ఏమైనవి?

సూర్యాపేట జిల్లాలోని పెన్‌పహాడ్ మండలమున నాగులపాడు అను గ్రామము కలదు. కొందరు దానిని నాగులపహాడ్ అనియు వ్రాయుదురు. కాకతీయ గణపతిదేవుని యేలుబడిలో, అనగా 13వ శతాబ్దిలో, రేచర్ల రెడ్డి సామంతులు కట్టించిన శివాలయములు ఆ యూర నేటికిని నిలిచియున్నవి. స్తంభములమీదను, పైకప్పు రాళ్లమీదను శిల్పులు చెక్కిన బొమ్మలు చూచువారిని గడపవద్దనే నిలిపివేయును. పిల్లలను వెంటబెట్టుకొని అక్కడికి పోయిన పెద్దలకు ఒక ప్రశ్న తప్పదు. “ఇది దేవుని యిల్లు గదా! మఱి దీనిని కట్టించిన రాజుగారి యిల్లు ఏది?”

ఆ ప్రశ్నకు వెంటనే సమాధానము చెప్పగలవారు తక్కువ. గుడి యున్నది, గుడిలో శాసనమున్నది, శాసనములో రాజు పేరున్నది. ఆ రాజు నిద్రించిన గది, కొలువు తీర్చిన చావడి, రాణివాసము, వంటశాల మాత్రము కానరావు. నల్లగొండ సీమలో ఎక్కడికి పోయినను ఇదే తంతు. పూర్వులు రాజగృహమును నగరు అనెడివారు. ఆ నగళ్లు ఏమైనవి? ఈ ప్రసంగమున మేము విచారింపదలచిన సంగతి ఇది.

ముందుగా ఒక్కసారి పరదేశమువంక చూతము. ఐరోపాలో రుమేనియా దేశము కోటలకును, రాజగృహములకును పేరుపొందినది. అక్కడ సినాయా పట్టణమున పెలెష్ అను సౌధము కలదు. జర్మను రాజవంశమున పుట్టి, 1866లో రుమేనియా పాలకుడై, 1881లో రాజుగా అభిషిక్తుడైన మొదటి కరోల్ దానిని కట్టించెను. పని 1873లో మొదలై, 1883లో గృహప్రవేశము జరిగెను. నూట అరువదికి పైగా గదులు. చెక్కడపు కొయ్యపనులు, రంగుల అద్దములు, ఆయుధశాల, గ్రంథశాల అన్నియు చెక్కుచెదరక యున్నవి. నేడది ప్రదర్శనశాల. రాజు కూర్చున్న కుర్చీని, చదివిన గ్రంథములను సామాన్యులు చీటీ కొని చూడవచ్చును.

అదే దేశమున బ్రాన్ అను కోట యింకను పాతది. కనుమదారిని కాయుటకై రాతికోట కట్టుకొనుటకు హంగరీ రాజు మొదటి లూయీ 1377లో బ్రషోవ్ నగరపు వర్తకులకు అనుమతి నిచ్చెను. ఆ యనుమతిలో ఒక నిబంధన కలదు. కోటను వారు తమ ఖర్చుతోను, తమ శ్రమతోను కట్టుకొనవలెను. ఆ కనుమగుండ పోవు సరకులపై అచ్చట సుంకము వసూలగుచుండెడిది. 1920లో బ్రషోవ్ పురపాలకులు ఆ కోటను మేరీ రాణికి కానుకగా నిచ్చిరి. కోటగా పుట్టి, సుంకపు ఠాణాగా బ్రతికి, తుదకు రాణిగారి విడిదియైనది. ఐరిష్ రచయిత బ్రామ్ స్టోకర్ 1897లో ప్రకటించిన రక్తపిశాచి నవలతో దీనికి ముడిపెట్టి లోకులు తండోపతండములుగ వచ్చి చూచుచున్నారు. ఆ రచయిత రుమేనియాలో అడుగుపెట్టినవాడు కాడు!

బ్రాన్ కోటకు పునాదులు పడుచున్న కాలముననే మన నల్లగొండ సీమలో రాచకొండ ప్రభువు అనపోత నాయకుడు కొండలకు ప్రాకారములు చుట్టించి రాజ్యమేలుచుండెను. అక్కడ కోట నిలిచినది, గదులు నిలిచినవి. ఇక్కడ ప్రాకారము నిలిచినది, నగరు నిలువలేదు. ఈ తేడాకు కారణము తెలిసికొనవలెనన్నచో ఇంకొంచెము వెనుకకు, పిల్లలమర్రికి పోవలెను.

సూర్యాపేట పట్టణమునకు చేరువనే పిల్లలమర్రి కలదు. అది రేచర్ల రెడ్డి సామంతుల రాజధాని. వారు కాకతీయులకు నమ్మినబంట్లు. ఈ వంశమునకే చెందిన రేచర్ల రుద్రుడు కాకతీయ మహాదేవుడు దేవగిరి యుద్ధమున కూలి, పిన్నవాడైన గణపతిదేవుడు యాదవులకు బందీయై యుండగా రాజ్యమును చెదరనీయక కాపాడిన సేనాని. 1213లో ఆయన పాలంపేటలో కట్టించినదే మనము రామప్పగుడి అని పిలుచునది. 2021లో అది ప్రపంచ వారసత్వ స్థలముగా గుర్తింపు పొందినది. పిల్లలమర్రి శాఖవారును ఆలయ నిర్మాణమున వెనుకబడినవారు కారు. నామిరెడ్డి 1202లో తన పేర నామేశ్వరాలయమును నిలిపెను. బేతిరెడ్డి భార్య ఎఱకసానమ్మ 1208లో ఎఱకేశ్వరాలయమును ప్రతిష్ఠించెను. ఒక స్త్రీ తన పేర గుడి కట్టించి, ఆ మాటను రాతిమీద చెక్కించుకొన్నదన్నచో ఆనాటి కుటుంబములలో ఆమె కుండిన గౌరవము ఎట్టిదో ఊహింపవచ్చును. పిల్లలమర్రి గుళ్లలో క్షీరసాగర మథనపు వర్ణచిత్రము తునక యొకటి వెలిసిపోయియు మిగిలియున్నది. కాకతీయుల నాటి రంగుబొమ్మలు దొరకుట అరుదు గనుక దాని విలువ యింతింత కాదు.

ఇంతటి సంపన్నులకు ఇల్లు లేకుండునా? తప్పక యుండెను. కాని ఆ యింటికి వారు వాడిన వస్తువు వేఱు. దేవుని యింటికి రాయి. మనుష్యుని యింటికి మన్ను, ఇటుక, కొయ్య. రాయి శాశ్వతమునకు గుర్తు. దేవుడు శాశ్వతుడు గనుక ఆయనకు రాయి తగును. శత్రువును ఆపవలెను గనుక కోటగోడకును రాయి తగును. ఇల్లు మాత్రము మనిషివలెనే కొన్నాళ్లుండి పోవునది. దూలము పుచ్చినచో మార్చుకొందురు. వంశము మారినచో కొత్తవాడు కొత్తయిల్లు కట్టుకొనును. పాడుబడిన యింటి దూలములను, గడపలను ఊరివారు తీసికొని పోయి తమ యిండ్లకు పెట్టుకొందురు. నాలుగు తరములు గడచునప్పటికి ఆ తావున ఒక దిబ్బ మిగులును. పిమ్మట ఆ దిబ్బమీద జొన్న విత్తుదురు.

ఇది సామంతుల గతి మాత్రమే కాదు. సాక్షాత్తు కాకతీయ చక్రవర్తుల ఓరుగల్లును చూడుడు. వెలుపల మట్టికోట, లోపల రాతికోట. గణపతిదేవుడు ఆరంభించిన రాతిగోడను రుద్రమదేవి ఇంకను పెంచెను. 1323లో ఢిల్లీ సేనలకు ఓరుగల్లు లోబడినది. బందీగా కొనిపోబడిన ప్రతాపరుద్రుడు నర్మదాతీరమున మరణించెను. స్వయంభూదేవుని గుడి కూలినను దాని చుట్టు నిలిపిన నాలుగు రాతి తోరణములు నేటికిని మన కండ్లయెదుట నున్నవి. కాకతీయుల నగరు మాత్రము నిలువలేదు. విజయనగరపు కథయు నిట్టిదే. 1520 ప్రాంతమున వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేయస్ అక్కడి రాజమందిరమున దంతపు పనితో మెఱయు గదిని చూచి అబ్బురపడెను. నేడు హంపీలో రాజమందిరములున్న తావున మనకు కనబడునవి రాతి వేదికలు, స్తంభములు నాటిన గుంటలు మాత్రమే. పైనున్న కొయ్య కట్టడమంతయు కాలి, కుళ్లి మాయమైనది.

ఓరుగల్లు పతనమైన పిమ్మట రాజుల నివాసములు మైదానమును వదలి కొండలెక్కెను. రేచర్ల పద్మనాయకులు ఈ సీమలో తలయెత్తిరి. వీరిదియు రేచర్ల గోత్రమే యైనను పిల్లలమర్రి రెడ్లు వేఱు, వీరు వేఱు. సింగమ నాయకుడు 1361 ప్రాంతమున జల్లిపల్లి కోటవద్ద హతుడయ్యెను. ఆయన కుమారులు అనపోత నాయకుడు, మాదా నాయకుడు పగతీర్చుకొని రాజ్యమును విస్తరింపజేసిరి. అన్న రాచకొండలోను, తమ్ముడు దేవరకొండలోను నిలిచిరి. రాచకొండ నేడు యాదాద్రి భువనగిరి జిల్లాలో నారాయణపురము ప్రక్కన నున్నది. దాని ద్వారములు చూడదగినవి. సున్నము గాని అడుసు గాని పెట్టక, పెద్ద పెద్ద రాళ్లను ఒకదానిపై నొకటి పేర్చి గోడ లేపిరి. ద్వారమునకు ఇరుప్రక్కల ఒక్కొక్క రాతి స్తంభము. పైన ఒకే రాతి దూలము. ఆ రాతిని అంతయెత్తునకు ఎక్కించిన చేతులు ఎట్టివో!

ఆ కొండమీద కత్తి ఝళిపించుటయే కాదు, విద్యావినోదములును జరిగెను. అనపోతుని కుమారుడు సింగభూపాలుడు సర్వజ్ఞుడను బిరుదు గలవాడు. నాట్యాలంకార శాస్త్రములను మథించి సంస్కృతమున రసార్ణవ సుధాకరము రచించినవాడు. శ్రీనాథుడంతటివాడు ఈ కొలువునకు వచ్చెనని చాటు సంప్రదాయము. అంతటి కవిపండితులు కూర్చున్న కొలువుకూటము ఎక్కడనున్నదని నేడు వెదకినచో ఎండలో మెఱయు బండలు, సీతాఫలపు పొదలు బదులు చెప్పును.

దేవరకొండ చరిత్రయు ఇట్లే ఘనమైనది. 1459 ప్రాంతమున బహమనీ సుల్తాను హుమాయూను సేనలు ఈ కోటను ముట్టడింపగా, దుర్గాధిపతులు ఒడ్డెరాజగు కపిలేశ్వర గజపతి సాయమును కోరిరి. ఒడ్డె సేన వెలుపలినుండియు, కోటవారు లోపలినుండియు తాకగా బహమనీ సేన నడుమ చిక్కి చెల్లాచెదరయ్యెను. ఇక భువనగిరి వీటికన్న పాతది. పశ్చిమ చాళుక్య చక్రవర్తి త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరుమీదుగా త్రిభువనగిరియై, జనుల నోట భువనగిరియైనది. ఒకే బండ గుడ్డువలె నేలనుండి లేచినట్లుండును. మొగలుల కాలమున ఖిలాషాపురపు సర్వాయి పాపన్న 1708లో ఓరుగల్లును కొల్లగొట్టి, మఱుసటి యేట భువనగిరిమీదికిని పోయెను; 1710లో పట్టుబడి ప్రాణములు కోల్పోయెను. పెన్‌పహాడ్‌కు ఇంకను దగ్గర చూడదలచినవారికి చివ్వెంల మండలమున ఉండ్రుగొండ కొండకోట కలదు.

ఇంతవరకు రాజులను గూర్చి చెప్పుకొంటిమి. ఇల్లు ఎవరిదను ప్రశ్నకు వెంట నింకొక ప్రశ్న వచ్చును: ఇల్లు ఎవరు కట్టిరి? రుమేనియాలో హునెదోవారా అనుచోట 15వ శతాబ్దిలో ఇయాంకు హున్యాడి పెంచిన గొప్ప కోట యొకటి కలదు. దాని ముంగిట లోతైన బావి యున్నది. ముగ్గురు తురుష్క ఖైదీలతో దానిని త్రవ్వించిరనియు, నీరు పడిననాడు మీకు విడుదల యని ప్రభువు మాట యిచ్చెననియు, పదునైదేండ్లు బండ కొట్టి వారు నీరు చూచునప్పటికి ప్రభువు గతించి ఆ మాట చెల్లక పోయెననియు అక్కడివారు చెప్పుకొందురు. ఇది పుక్కిటి కథయే కావచ్చును. కాని కోటను చూచిన ప్రజల మనస్సులో మెదలినది ఏమో ఈ కథ చెప్పుచున్నది.

మన సీమలోను అట్టి కథ యొకటి కలదు. అది వెలుగోటివారి వంశావళిలో నున్నది. నేలటూరి వేంకటరమణయ్యగారు దానిని పరిష్కరింపగా 1939లో మద్రాసు విశ్వవిద్యాలయము వెలువరించినది. మిర్యాలగూడ ప్రాంతపు ఆమనగల్లులో చెవ్విరెడ్డి అను కాపు ఉండెను. పొలము దున్నుచుండగా ధనము బయటపడెను. కాని దానిని కాచు భూతము నరబలి కోరెను. చెవ్విరెడ్డి పాలేరు రేచడు, మాల కులమువాడు, తానే బలియగుటకు ఒప్పుకొనెను. అతడు కోరినది ధనము కాదు. తన పేరు యజమాని వంశమునకు గోత్రముగా నిలువవలెను. ఆ యింట పెండ్లి జరుగునపుడు ముందుగా తన కులమువారి పెండ్లి యొకటి జరిపింపవలెను. చెవ్విరెడ్డి మాట యిచ్చెను. నాటినుండి ఆ వంశము రేచర్ల గోత్రమైనదట.

కథను కథగానే తీసికొందము. రేచర్ల యను ఊరిపేరునుండియే గోత్రనామము వచ్చెనని వాదించుటకును చోటున్నది. రెడ్లకును ఆ పేరే యుండుట అందుకు అనుకూలము. మాకు వింతగొలుపునది వేఱు సంగతి. రాచకొండ, దేవరకొండలను ఏలి, పిమ్మట వేంకటగిరి మొదలగు సంస్థానములకు మూలపురుషులైనవారు తమ వంశచరిత్రలో ఈ కథను దాచుకొనక వ్రాయించుకొనిరి. తమ భాగ్యమునకు పునాది ఒక పాలేరు ప్రాణమని ఒప్పుకొనిరి. హునెదోవారా కథలో మాట తప్పిపోయినది. ఇక్కడి కథలో మాట నిలిచినది. అట్లని ఈ కథ మనకు సుఖముగా వినబడునది కాదు. పేరు నిలుపుట ప్రాణమునకు వెల యగునా? రేచని ఆలుబిడ్డలు ఏమైరో వంశావళి చెప్పదు. ప్రభువుల నగరు కొయ్యతో కట్టినదై కాలిపోయినది. వారి గోత్రము మాత్రము ఒక పేదవాని పేరుగా ఇన్ని వందల యేండ్లు మోసుకొని వచ్చినది. కోటగోడలను చూచునపుడు ఈ మాట మరువరాదు.

చిన్నవారే పెద్దవారిని బ్రతికించిన దృష్టాంతము ఇంకొకటి ఈ సీమలోనే కలదు. రుద్రమదేవి ఎప్పుడు మరణించెనో చాలకాలము నిశ్చయముగా తెలియలేదు. నకిరేకల్లు దగ్గరి చందుపట్లలో దొరికిన శాసనము ఆ సందేహమును తీర్చెను. సేనాని మల్లికార్జున నాయకుని కొలువులోని పువ్వుల ముమ్మడి యను బంటు, రుద్రమదేవియు మల్లికార్జునుడును శివలోకము చేరిన సందర్భమున వారి పుణ్యము కొఱకై సోమనాథదేవునికి భూమి దానము చేసి, ఆ మాటను రాతిమీద చెక్కించెను. దాని తేదీ 1289 నవంబరు 27. కాయస్థ అంబదేవునితో పోరునకు వెడలిన వృద్ధరాణి ఆ పోరుననే కూలెనని చరిత్రకారులు దీనినిబట్టి ఊహించిరి. రాణి మరణమునకు సాక్ష్యము రాజాస్థానపు కవి వ్రాసినది కాదు. ఒక బంటు తన కొలది భూమిని విడిచి చెక్కించిన రాయి. ఆ రాయిని ఎవరైన పగులగొట్టి గోడకు పెట్టుకొనియున్నచో మనకు ఈ సంగతి తెలియుట యెట్లు?

ఇక్కడనే అసలు ఆపద యున్నది. చెవ్విరెడ్డి కథలోని ధనపు ఆశ నేటికిని చావలేదు. పాతకోట యన్నచో లంకెబిందెలు, పాతగుడి యన్నచో లింగము క్రింద నిధి యని నమ్మువారు పల్లెలలో ఇంకను కలరు. రాత్రివేళ గునపములతో వచ్చి నందిని పెకలించిన, పానవట్టమును బ్రద్దలు చేసిన వార్తలు పత్రికలలో వచ్చుచునే యున్నవి. చరిత్ర తెలిసినవారెవరును అట్లు చేయరు. రాజు తన ధనమును సైన్యమునకు, చెఱువునకు, గుడికి వెచ్చించెను. మిగిలినదానిని గెలిచినవాడు కొనిపోయెను. 1878 నాటి నిధి చట్టము ప్రకారము భూమిలో దొరికిన పాతధనము పదిరూపాయల విలువ దాటినచో కలెక్టరుకు తెలుపవలెను. దాచుకొనుట నేరము. కాని చట్టముకన్న బలమైనది ఊరివారి కన్ను. గుడికి నాలుగు కాలములపాటు కావలి కాచినది ఆ కన్నే.

ఈ రాళ్లను చదివి మనకందించినవారి శ్రమను తలచుకొనుట న్యాయము. హైదరాబాదు సంస్థానమున 1914లో పురావస్తుశాఖ యేర్పడగా గులాం యజ్దానీగారు దానికి తొలి యధ్యక్షులైరి. 1922లో వెలసిన లక్ష్మణరాయ పరిశోధక మండలి పెద్దలు ఊరూర తిరిగి శాసనములకు ప్రతులు తీసి, 1935లో తెలంగాణా శాసనములు అను సంపుటమును ప్రకటించిరి. బండిబాటలలో పోయి, బురుజు లెక్కి, నాచు గీకి, అక్షరము నక్షరము కూడబలికి చదివిన ఆ పెద్దలు లేనిచో నాగులపాడు, పిల్లలమర్రి మనకు పేరులేని పాడుగుళ్లుగానే మిగిలెడివి.

ఇక ఆ బిడ్డ ప్రశ్నకు సమాధానము చెప్పుదము. రాజుగారి యిల్లు ఏది? మన్నుతో కట్టిన యిల్లు మన్నులో కలిసినది. ఆయన తన యింటికి వాడని రాతిని దేవుని గుడికిని, ఊరి చెఱువు తూములకును వాడెను. రుమేనియా రాజు గది చూచివచ్చినవాడు ఆ రాజు ఎట్లు బ్రతికెనో తెలిసికొనును. మన రాజు గది దొరకదు; కాని ఆయన దేనిని నిలుపదలచెనో నాగులపాడు స్తంభములు చెప్పుచునే యున్నవి. ఏ సీమలో నున్నవారైనను ఈ సెలవుదినములలో బిడ్డలను తమ యూరి పాతగుడికి తోడుకొని పోవుడు. గోడమీదనో, నేలలో సగము పూడియో ఒక వ్రాతరాయి కనబడును. దానిపై సున్నము కొట్టనీయకుడు, బట్టలుదుకనీయకుడు. దాని తావును పురావస్తుశాఖకు ఒక ఉత్తరముముక్కతో తెలుపుడు. అందులో ఏ రాణి తుదిదినము దాగియున్నదో, ఏ బంటు ఆమెకై విడిచిన గుంటెడు నేల లెక్క దాగియున్నదో చదువనంతవరకు ఎవరికి తెలియును?